శివకుమార్ టీ వద్దన్న మనిషి

గోవిందస్వామికి కంపు పడదు. ఈ మాట చాలామంది గురించి అనవచ్చు గానీ ఆయనకు పడకపోవడం వేరు. ఎదురింట్లో మజ్జిగ పులిస్తే ఆయన తన కిటికీ మూసుకుంటాడు. బస్సులో పక్కవాడి భుజాన తడి తువ్వాలు ఉంటే లేచి నిలబడి ప్రయాణం చేస్తాడు. పుంగనూరులో పాలు చల్లబరిచే కేంద్రంలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన చేసిన పని కూడా ఇలాంటిదే. పల్లెల నుంచి వచ్చిన క్యాన్ల మూతలు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోవడం, ‘ఇది లోపలికి’, ‘ఇది ఎనక్కి’ అనడం. యంత్రాలు తరువాత చూసేవి, ముందు ముక్కు చూసేది. ఉద్యోగం అయిపోయి మదనపల్లెలో మా కాలనీకి వచ్చి చేరాక కూడా ఆ ముక్కుకు విశ్రాంతి దొరకలేదు. మా ఊళ్లో దొరకదు కూడా.

ఆయన మా కాలనీకి వచ్చిన ఏడాదే భార్య పోయింది. కూతురు హరిత కుప్పంలో కాపురం ఉంటోంది. ఇంట్లో ఆయన, ఒక రేడియో. వారమంతా ఆయన గొంతు ఎవరికీ వినిపించదు. ఆదివారం తెల్లవారితే మాత్రం మంకీ క్యాప్ పెట్టుకుని, తెల్లటి బూట్లు వేసుకుని, అందరికంటే ముందు వీధి చివర నిలబడి ఉంటాడు.

ఆయన్ను మా పరుగు జట్టులోకి లాక్కొచ్చినవాడు శివకుమార్. వీధి మలుపులో కోళ్ల దుకాణం ఆయనదే. మనిషి లావు, నవ్వు అంతకన్నా లావు. చక్కెర జబ్బుకు నడవమని డాక్టరు చెబితే గోవిందస్వామి ఒంటరిగా నడుస్తుంటే, ఈయన ఎదురుపడి, “ఒగడివే యాడికన్నా పోతాండావు? మాతో రా. పరిగెత్తకపోయినా ఫరవాలేదు, ఎనకాల వస్తే సాలు” అన్నాడట. భార్య పోయినప్పుడు కూడా శ్మశానం పనులన్నీ శివకుమారే చూశాడు. కూతురు వచ్చేదాకా ఆ రాత్రంతా గోవిందస్వామి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నదీ ఆయనే. ఇది మరిచిపోయి మిగతా కథ చెబితే అన్యాయం అవుతుంది.

చలికాలం మా జట్టుకు పండుగ. మిగతా నెలల్లో నలుగురైదుగురం ఉంటాం, మంచు పడటం మొదలైతే పదిమంది పైనే పోగవుతాం. ప్రసన్నలక్ష్మి హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. పరిగెత్తేదానికంటే మాట్లాడేది ఎక్కువ. చైతన్య బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. మనుషుల ముఖం కన్నా చేతి గడియారం ఎక్కువ చూస్తాడు. పుంగనూరు రోడ్డు మీద మునెమ్మ టీ బంకు దాకా పరుగు, అక్కడ టీ, మళ్లీ వెనక్కి. మాకొక పద్ధతి ఉంది. చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ టీ ముట్టరు. ఆ చివరి మనిషి ఎప్పుడూ గోవిందస్వామే. మంచులోంచి ఆయన మంకీ క్యాప్ కనబడితే గానీ మునెమ్మ పాలు పొయ్యి మీద పెట్టదు.

“రా నాయినా రా, నీకోసం వీళ్ల నాలికలు పీక్కపోతాండాయి” అనేది ఆమె.

“పాలు బాగుండాయా?” అని ఆయన గిన్నె మీదికి వంగేవాడు.

“బాగలేకపోతే ఎనక్కి పంపిస్తావా? నీ ముక్కు కోసి ఇంట్లో పెట్టి రాప్పా ఆదివారం ఒక్కరోజైనా” అని శివకుమార్ వీపు మీద చరిచేవాడు. టీ డబ్బులు ఎప్పుడూ ఆయనే ఇచ్చేవాడు, ఇంకెవరైనా జేబులో చెయ్యి పెడితే కోప్పడేవాడు.

ఈ చలికాలం మొదట్లో రోడ్డు పక్క మూటలు కనబడటం మొదలైంది. ఎరువుల సంచుల్లో కోడి పేగులు, ఈకలు, తలలు. టీ బంకుకు కాస్త ఇవతల, కల్వర్టు దగ్గర. శనివారం రాత్రో, ఆదివారం తెల్లవారకముందో పడేవి. కుక్కలు సంచులు చింపి రోడ్డంతా పరిచేవి. మంచుకు ఆ కంపు పైకి లేవదు, మన ముఖాల ఎత్తునే నిలబడుతుంది. పరిగెత్తేవాడు నోరు తెరిచి గాలి పీలుస్తాడు కదా, ఆ గాలి అది. నాకు ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. బూటు అడుగున ఏమేమి పెరుగుతాయో సూక్ష్మదర్శినిలో చూసి చదువుకున్నదాన్ని కాబట్టి, ఇంటికెళ్లాక బూట్లు గేటు బయటే విప్పి బ్లీచింగ్ నీళ్లతో కడిగేదాన్ని. కడిగినా ఆ జిగట వేళ్లకు ఉన్నట్టే అనిపించేది. ఆ చేత్తో పాపకు అన్నం కలపాలంటే ఒళ్లు జలదరించేది.

గోవిందస్వామి సంగతి చెప్పనక్కరలేదు. కల్వర్టు ఇంకా కనబడకముందే జేబురుమాలు ముక్కుకు కట్టుకునేవాడు. అయినా రెండుసార్లు రోడ్డు పక్కన వంగి వాంతి చేసుకున్నాడు. కుక్కలు పేగుల రుచి మరిగి, మనుషులను చూస్తే జడిసే కాలం పోయి, వాటి తిండికి అడ్డం వచ్చామని మీదికి రావడం మొదలుపెట్టాయి. ఒక ఆదివారం ప్రసన్నలక్ష్మిని తరిమితే ఆమె కంకరలో పడి మోకాలు చీరుకుంది.

ఆ రోజు టీ బంకు దగ్గర అందరికంటే ఎక్కువ తిట్టింది శివకుమార్.

“ఎవుడో గాని నా సేతికి సిక్కాల. వాని మూట వాని నెత్తిన కట్టి బస్టాండు సుట్టూ తిప్పుతా. మనుషులు తిరిగే రోడ్డా ఇది, వాని తాత సొత్తా?”

“నీకు తెలీదా శివా? ఊర్లో కోళ్ల అంగళ్లోళ్లంతా నీకు తెలిసినోళ్లే గదా” అంది ప్రసన్నలక్ష్మి మోకాలికి నీళ్లు పోసుకుంటూ.

“తెలిస్తే ఊరుకుంటానా అమ్మా! కనుక్కుంటా.”

గోవిందస్వామి ఆ మాట నమ్మాడు. మేమంతా నమ్మాం.

పుష్యమాసం చలిలో ఒక శనివారం రాత్రి, జ్వరంగా ఉంది, రేపు రాలేనని శివకుమార్ వాట్సాప్‌లో పెట్టాడు. అందరం చేతులు జోడించిన బొమ్మలు పంపాం. కషాయం తాగమని గోవిందస్వామి ఫోన్ కూడా చేశాడు. తెల్లవారి మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు పరిగెత్తేవాడి వీపు కనిపించలేదు. అందుకే ఆ రోజు ఎవరూ ముందుకు పోకుండా గుంపుగా, మెల్లగా వెళ్లాం. గోవిందస్వామి కూడా మా మధ్యలోనే ఉన్నాడు. కల్వర్టు దగ్గర ఒక మోపెడ్ లైటు వెలుగుతూ ఉంది. మోపెడ్ మీంచి ఒక మనిషి సంచి దించి కాలితో వాలులోకి తోస్తున్నాడు. ఇంకొక సంచి సీటు మీద ఉంది, దాని అడుగు నుంచి ఎర్రటి నీళ్లు సైలెన్సర్ మీద పడి చుయ్యిమంటున్నాయి. కాలిన నెత్తురు వాసన. మేము నాలుగడుగుల దూరానికి వచ్చాక ఆ మనిషి తలెత్తాడు.

శివకుమార్.

చైతన్య గొంతు సవరించుకుని, నేను ఈ జన్మలో మరిచిపోలేని ప్రశ్న అడిగాడు.

“ఏమన్నా, జరం తగ్గిందా?”

“ఆ... తగ్గిందప్పా. రాత్రే తగ్గె” అన్నాడు శివకుమార్.

“తగ్గితే మంచిదే. ఈ మంచులో తలకేమన్నా కట్టుకోవాల గదా” అన్నారు ఇంకెవరో.

రెండో సంచిని ఆయన కిందికి తోయలేదు, మోపెడ్ మీదే ఉంచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, “పదండి, వచ్చినాను గదా, నేనూ వస్తా” అని మాతో పరిగెత్తడం మొదలుపెట్టాడు! మేమూ పరిగెత్తాం. మా అందరి బూట్ల చప్పుడు ఒకే తాళంగా వినబడింది. ఇదంతా స్నేహం అనుకోవాలి కాబోలు. నాకైతే కల్వర్టు దగ్గర కంటే ఆ గుంపు మధ్యే ఊపిరి ఆడలేదు.

టీ బంకు దగ్గర శివకుమార్ అలవాటుగా గ్లాసులు అందుకుని అందరికీ పంచాడు. గోవిందస్వామి ముందు కూడా చాపాడు. గ్లాసు అంచు మీద ఆయన బొటనవేలు ఉంది, గోరు సందులో ఒక ఈక ముక్క.

“నాకొద్దు” అన్నాడు గోవిందస్వామి.

“యాలన్నా?”

“ఆ మూటలు నువ్వేనా శివా? ఇన్ని వారాలూ?”

శివకుమార్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “నేనొక్కణ్ణేనా ఏసేది? మున్సిపాలిటీ బండోడు ఎత్తడు. సేపల సెరువోడు తీసకపోయేవోడు, వాడూ మానేసినాడు. అంగట్లో పెట్టుకుంటే గిరాకీ వస్తాదా? నువ్వే సెప్పు, యాడ పెట్టుకోను?”

“యాడ పెట్టుకోవాల్నో నాకూ తెలీదు. అడిగింటే అందరం కలిసి ఏదో ఒకటి సూసేవాళ్లం. ప్రసన్నలక్ష్మి మోకాలు సీరుకున్న రోజు ఈడనే నిలబడుకోని తిడితివి గదప్పా! ఎవుర్ని తిట్టినావు?”

మునెమ్మ పొయ్యి తగ్గించింది.

“వదిలెయ్ అంకుల్” అన్నాడు చైతన్య. “మనోడే గదా. వేరే రోడ్డు సూసుకుందాం. సీటీఎం రోడ్డు బాగుంటాది, ఎత్తు కూడా తక్కువ.”

“అవునవును. ఆ మాత్రానికి గొడవెందుకు?” అన్నారు మిగతావాళ్లు. అందరి ముఖాల్లో ఎంత హాయి కనిపించిందో! రోడ్డు మారిపోతుంది, మూట అక్కడే ఉంటుంది, శివకుమార్ టీ ఇస్తూనే ఉంటాడు. కుళ్లిన అన్నం మీద మూత పెట్టి వంటిల్లు శుభ్రమైందనుకునేవాళ్లను చూశాను గానీ, ఇంత చదువుకున్నవాళ్లను, అదీ ఇంతమందిని ఒకేచోట చూడలేదు.

గోవిందస్వామి ఒక్కడే వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. తరువాతి ఆదివారం సీటీఎం రోడ్డు మీద ఆయన లేడు. ఆయన కోసం టీ ఆపలేదు. “పెద్దాయనకు మొండి ఎక్కువ” అనుకున్నారు. ఒక సాయంత్రం పాపను ఎత్తుకుని వాళ్లింటికి వెళితే రేడియో ఆపి చాలాసేపు మాట్లాడాడు. మనిషి మాటకు మొహం వాచి ఉన్నాడు.

“పోతే పోనీలే అని నేనూ అనుకున్యానమ్మా” అన్నాడు. “ఆదివారం తెల్లారితే కాళ్లు ఆగవు. గేటు దాకా పోయి వస్తా. కానీ ఆ టీ నోట్లోకి పోదు. వాడు ఒగ మాట, తప్పయిందన్నా అంటే సాలు, పరిగెత్తుకుంటా పోతా.”

కుప్పంలో ఒక కాలేజీ వాళ్లు పెట్టిన పరుగు పందేనికి మా జట్టు పేర్లు ముందే ఇచ్చి ఉన్నాం. గోవిందస్వామి పేరు కూడా ఉంది. పరిగెత్తడం చూడటానికి వస్తానని కూతురు హరిత నెల నుంచీ చెబుతోందట. మేము వ్యానులో వెళ్లాం, ఆయన ముందురోజే పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లాడు. వ్యానులో శివకుమార్ అందరికీ కొత్త టీషర్టులు పంచాడు. వెనక ఆయన దుకాణం పేరు, దాని కింద బొటనవేలు పైకెత్తి నవ్వుతున్న కోడి. అందరూ తొడుక్కున్నారు. నేను స్వెట్టర్ జిప్పు గొంతు దాకా లాక్కున్నాను.

పరుగు అయ్యాక హరిత పెద్ద డబ్బా నిండా చిత్రాన్నం తెచ్చి అందరికీ పెట్టింది. ఆమెకు ఏమీ తెలియదు. “శివన్నా, ఇంకొంచెం ఏసుకో. అమ్మ పోయినప్పుడు నువ్వు లేకపోతే మా నాయన ఏమైపోతాండెనో” అని శివకుమార్ విస్తరిలో మళ్లీ వడ్డించింది. ఆయన తల వంచుకుని తిన్నాడు. గోవిందస్వామి దూరంగా మెట్ల మీద కూర్చుని పాత బనియనులో చెమట ఆరబెట్టుకుంటున్నాడు. ఫోటోకు పిలిస్తే రాలేదు.

వ్యాను బయలుదేరే ముందు కిటికీ పక్క సీటు ఆయన కోసం ఖాళీగా ఉంచారు. డ్రైవరు హారన్ కొట్టాడు. శివకుమార్ దిగి ఆయన దగ్గరికి వెళ్లాడు. చేతిలో మడత విప్పని టీషర్టు.

“అన్నా, ఎక్కు. ఏందిది సిన్నపిల్లోని మాదిరి? నేనేమన్నా పరాయోణ్ణా?”

“పరాయోడివైతే తిట్టేసి మర్సిపోతాంటిని శివా.”

“అయితే ఎక్కు.”

“రేపు ఆదివారం ఆ కల్వర్టు కాడికి నువ్వు రా. నేనూ వస్తా. గుంత తవ్వి ఆ మూటలు పూడ్సేద్దాం. ఎవురికీ సెప్పను, నీ బిడ్డలకు కూడా తెలియనీను. పూడ్సినాంక నువ్వు ఏ రోడ్డంటే ఆ రోడ్డులో పరిగెత్తుతా, నీ సేతి టీనే తాగుతా.”

శివకుమార్‌కు నవ్వు రాబోయి ఆగింది. వ్యానులోంచి ఎవరో, “టైమవుతాండాదన్నా!” అని అరిచారు. ఆయన ఆ టీషర్టును గోవిందస్వామి పక్కన మెట్టు మీద పెట్టి, “ఆదివారం అంగట్లో గిరాకీ ఉంటాదన్నా” అని వచ్చి ఎక్కేశాడు.

తలుపు మూయబోతుంటే ప్రసన్నలక్ష్మి లేచింది. “ఆపప్పా. నా బ్యాగియ్యి.”

“ఏమైంది మేడం?”

“ఈ బండిలో నాకు తిప్పతాండాది” అని దిగిపోయింది. ఆమె వెనక నేనూ దిగాను. ఎవరూ ఆపలేదు. వ్యాను దుమ్ము లేపుకుంటూ పోయింది, లోపలి వాళ్ల నవ్వులు కాసేపు వినిపించాయి.

హరిత మమ్మల్ని బస్టాండులో దిగబెట్టింది. నాన్న మొహం చూసింది గానీ ఏమీ అడగలేదు. టీషర్టు ఆ మెట్టు మీదే ఉండిపోయింది. బస్సులో గోవిందస్వామి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాదూరం బయటికి చూస్తూ కూర్చున్నాడు. శివకుమార్ పేరు ఎత్తలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పలమనేరు దాటాక ప్రసన్నలక్ష్మి అడిగింది.

“స్వామన్నా, ఇంట్లో పార ఉండాదా, నేను తేవాల్నా?”

“నువ్వు రావద్దులే పాపా. ఆడికొస్తే నీకు వారం కూడు సయించదు.”

“నీకు సయిస్తాదా?”

“నాకూ సయించదు” అన్నాడాయన. ఆగి, “పార నాకాడ ఉండాది. నువ్వు గడ్డపార తే” అన్నాడు.