జేజి చేతివాటం

మా చిన్నప్పుడు... విత్తనాల కాలం వస్తే చాలు, కోడుమూరు దగ్గర మా పల్లెలో ఆడవాళ్లంతా పెద్దింటి పడసాలలో చేరి బుడ్డలు ఒలిచేవాళ్లు. వేరుశనక్కాయలను మేం బుడ్డలంటాం. విత్తనానికి ఒలిచేటప్పుడు గింజ మీది ఎర్రపొర చిట్లకూడదు... చిట్లితే మొలవదు.

అమ్మ నేను పుట్టిన ఏడాదే పోయింది. నన్ను పెంచింది మా నాన్న తల్లి, మా జేజి. ఆమె వేళ్ల మధ్య కాయ ఇట్లా నొక్కితే అట్లా విచ్చుకునేది. పక్కవాళ్లు ఒక చేట నింపేలోగా ఆమెది రెండోది నిండేది. "ఈయమ్మకు శానా చేతివాటం" అనేవాళ్లు. మా వైపు అది మెచ్చుకోలు మాట. చేతిలో నేర్పు ఉందని.

ఆ ఏడు పెద్దింటికి కొత్త కోడలు వచ్చింది. కోస్తా వైపు పిల్ల. ఒకరోజు నన్ను పిలిచి, "మీ నాయనమ్మ అంత తొందరగా ఎలా ఒలుస్తుందే?" అని అడిగింది.

"మా జేజికి శానా చేతివాటం ఉండాదక్కా" అన్నాను గర్వంగా.

ఆమె ముఖం మారింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం అందరూ లేచేటప్పుడు, "అవ్వా, ఒకసారి ఒడి దులిపి వెళ్లు" అంది. వాళ్ల వైపు చేతివాటమంటే చిల్లర దొంగతనమట... జేజి కొంగు విప్పి దులిపింది. పొట్టు తప్ప ఏమీ రాలలేదు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచుకున్నారు.

మరుసటి రోజు ఆ కోడలి అత్త మా ఇంటికే వచ్చింది. "ఆ పిల్లకు మన మాట తెలీదు వదినా. మనసులో పెట్టుకోవద్దు, రా" అని బతిమాలింది.

"వస్తాలేమ్మా" అంది జేజి. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

కోడలితో చేతివాటం మాట అన్నది నేనేనని ఏడుస్తూ ఒప్పుకున్నాను. "నువ్వు మంచిగనే చెప్తివి లే పాపా... ఏడవాకు" అని తల నిమిరింది.

ఆ తర్వాత మా చేని విత్తనాలు ఇద్దరమే ఇంట్లో ఒలుచుకునేవాళ్లం. పెద్దింటి నుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తే జేజి చేయి కాసేపు ఆగేది... మళ్లీ కదిలేది. నేను ఏదో ఒకటి మాట్లాడాలని చూసేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లకు ఏం మాటలుంటాయి... ఆమె ఊ కొట్టేది, అంతే.

ఆమె పోయి అరవై ఏళ్లు దాటింది. బుడ్డలు ఇప్పుడు మిషన్లు ఒలుస్తున్నాయి. పేపర్లో 'చేతివాటం' అని కనిపిస్తే అది దొంగతనం వార్తే. ఆ మాటలో ఒక మంచి మనిషిని చూసుకునేదాన్ని నేనొక్కదాన్నే మిగిలానేమో... మీ ఊళ్లో ఇంకా ఎవరైనా దాన్ని మెచ్చుకోలుగా అంటుంటే, ఒక్క ముక్క రాయండి.