పైలట్ చెవులు

నేను దయ్యాలనూ మహిమలనూ నమ్మే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను, లేకపోతే చివరిదాకా చదివి "వీడికి ముందునుంచే ఏదో తేడా ఉంది" అనుకుంటారు. నేను చదివింది విమానయానం. రెక్క కింద గాలి ఎందుకు పైకి నెడుతుందో అడిగితే ఇప్పటికీ కాగితం మీద గీసి చూపిస్తాను. మా వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే, నవ్వి జ్వరం గోళీ కొనిచ్చిన వాణ్ణి.

అయినా జగిత్యాలలో ఒక చెవుల దవాఖానాలో, పట్టపగలు నాకు జరిగింది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. భయపడి కాదు. సిగ్గుపడి.

మాది సిరిసిల్ల. ఇంటి కింది భాగమంతా కార్ఖానా, పైన మేము. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. నా ఉయ్యాల కూడా సాంచాల పక్కనే కట్టారట. చప్పుడుకు నిద్ర పట్టని పిల్లలు వేరు, మేము వేరు. కరెంటు పోయి చప్పుడు ఆగితే మాకు మెలకువ వచ్చేది.

సాంచాలు నడిచేటప్పుడు కార్ఖానాలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిచినా వినపడదు. వెనకనుంచి వచ్చి భుజం మీద తట్టాలి. ఆ తట్టడాన్నిబట్టి మనిషెవరో తెలిసిపోతుంది, తిరిగి చూడక్కర్లేదు. బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ మాకు. బాపు అయితే అరచేత్తో చరిచేవాడు. అవ్వ చొక్కా పట్టి గుంజేది.

మా కాక, అంటే బాపు తమ్ముడు రాజేశం, రెండు వేళ్లతో మెడ పక్కన తట్టేవాడు. పోగును అటూ ఇటూ మోసే నాడె తగిలి ఆయన చూపుడువేలు కొస ఎప్పుడో తెగిపోయింది. అందుకని ఆ రెండు వేళ్లూ ఒకేసారి పడేవి కావు. మొదట పొడుగు వేలు, వెంటనే మొండి వేలు. అట్లా తట్టేవాళ్లు సిరిసిల్ల మొత్తంలో ఇంకొకరు ఉండరు.

చిన్నప్పటినుంచీ సాంచాల మధ్యే ఉండి కాకకు చెవులు పూర్తిగా పోయాయి. పెళ్లి చేసుకోలేదు. మాట్లాడటం కూడా తగ్గించి, అంతా చేతులతోనే చెప్పేవాడు. నన్ను భుజాల మీద మోసి పెంచింది ఆయనే. నేను బడి నుంచి వచ్చి కార్ఖానాలో నూలు కండెలు అందిస్తూ ఉంటే, ఏ సాంచ మీద పోగు తెగినా నాకంటే ముందు ఆయనే చూసి, తట్టి, అటు చూపించేవాడు.

ఇంటర్ జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదివాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో బీఎస్సీ ఏవియేషన్‌లో సీటు వచ్చింది. ఆ డిగ్రీ చేస్తే పట్టా వస్తుంది గానీ పైలట్ అయిపోరు. పైలట్ కావాలంటే లైసెన్సు ఉండాలి, లైసెన్సు కోసం ఇంకో చోట విమానం నడపడం నేర్చుకోవాలి, అక్కడ చేరాలంటే ఒంట్లో ఏ లోపమూ లేదని డాక్టర్లు రాసివ్వాలి. ఇదంతా బాపుకు చాలాసార్లు చెప్పాను. ఆయన అంతా విని "ఔ మల్ల, పైలట్ చదువంటె ఊకెనా" అనేవాడు.

సీటు వచ్చిన నాడే వాడకట్టు నాకు పైలట్ అని పేరు పెట్టేసింది. బాపు ఫొటో స్టూడియోకు పోయి, ఎవరిదో తెల్లచొక్కా మీద, భుజాల మీది బంగారు పట్టీల మీద నా మొహం అతికించి ఫ్లెక్సీ కొట్టించాడు. దాన్ని మా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టారు. సెలవుల్లో ఇంటికొస్తే ఆ ఫ్లెక్సీ కిందినుంచే రావాలి. నేను తల వంచుకుని వచ్చేవాణ్ణి.

అది తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. ఊరూరా దీక్షా శిబిరాలు, ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. బొగ్గుబావుల సమ్మె వల్ల కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఒకరోజు సిరిసిల్ల శిబిరంలో కూర్చుంటే బాపు నన్ను లేపి మైకు ముందుకు తీసుకుపోయాడు.

"రేపు తెలంగాణ అచ్చినంక మా పోరడు ఇమానం నడుపుతడు. మీరందరు ఎక్కాలె" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. అప్పటికి వారం ముందే హైదరాబాద్‌లో పైలట్లను పరీక్ష చేసే డాక్టరు, నా వెనక నిలబడి మెల్లగా మాట్లాడి, నేను తిరిగి చెప్పలేకపోతే మొహం చిట్లించాడు. మంచి దవాఖానాలో చెవుల రిపోర్టు తీసుకురా, అది బాగుంటేనే ముందుకు పోదాం అన్నాడు. ఆ సంగతి కడుపులో పెట్టుకుని చప్పట్లు వింటుంటే నేలలోకి దిగిపోవాలనిపించింది.

బంద్‌ల వల్ల హైదరాబాద్ పోయే దారి లేదు. జగిత్యాలలో చెవుల దవాఖానా ఉందని, అత్తను చూసొస్తానని ఇంట్లో చెప్పి, కోరుట్లలో ఉన్న మేనత్త ఇంట్లో దిగాను. సిరిసిల్లలో చేయించుకుంటే క్షణాల్లో బాపు చెవిన పడుతుంది.

ఆ దవాఖానాలో ఒక చిన్న గది. గోడలకంతా స్పాంజి అతికించి ఉంది. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు. అద్దం కిటికీ అవతల మిషను ముందు ఒక మేడమ్ కూర్చుంటుంది. మనం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కుయ్‌మని శబ్దం వినపడ్డప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. కుర్చీని వెనక గోడకు ఆనించే వేశారు. మధ్యలో చెయ్యి పట్టే సందు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు చాలాసేపు నేను మీట నొక్కనే లేదు. సన్నటి శబ్దాలేవీ నాకు అందలేదు. మేడమ్ బయటికి పిలిచి అడిగింది.

"ఏదన్న కార్ఖానాల పని చేసినవా తమ్మీ?"

లేదన్నాను. సాంచాల ఇంట్లో పుట్టానని చెప్పడానికి నోరు రాలేదు. నన్ను చదివించిన సాంచాలే నా చెవులు తీసుకున్నాయని ఆ క్షణంలో అర్థమైంది. ఇంటికిపోయి ఈ మాట బాపుతో ఎట్లా అనాలి? నా మొహం చూసి మేడమ్ జాలిపడ్డట్టుంది, జలుబు వల్ల కూడా అట్లా కావచ్చు, మందు వేసుకుని రెండురోజులాగి రమ్మంది. నాకు జలుబు లేదు. అయినా తలూపి వచ్చాను.

మళ్లీ వెళ్లిన రోజు పొద్దున కూడా జగిత్యాలలో కరెంటు లేదు, దవాఖానా జనరేటరు మీద నడుస్తోంది. గదిలో కూర్చున్నాను. తలుపు వేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కాసేపు ఏమీ వినపడలేదు.

అప్పుడు మెడ పక్కన ఎవరో తట్టారు. మొదట పొడుగు వేలు, వెంటనే మొండి వేలు.

చేతిలోని మీట ఆలోచించకుండానే నొక్కేశాను. కార్ఖానాలో కాక తడితే చెయ్యి ఎట్లా కదిలేదో అట్లా. తర్వాత వెనక్కి చూశాను. స్పాంజి గోడ తప్ప ఏమీ లేదు. ముందుకు తిరిగాను. మళ్లీ తట్టారు. నొక్కాను. అట్లా ఎన్నిసార్లో. ఆ సన్నటి శబ్దాల్లో ఒక్కటీ నాకు వినపడలేదు. మధ్యలో చాలాసేపు తట్టలేదు, నేనూ నొక్కలేదు. నిజం చెప్పాలంటే భయం వేయలేదు. ఇంట్లో ఉన్నట్టుంది.

మేడమ్ నవ్వుతూ తలుపు తీసింది. "మధ్యల నేను కావాల్నని సప్పుడు ఇయ్యలే. గప్పుడు నువ్వు నొక్కలే. మంచిగ ఇన్నవ్ తమ్మీ, అంత జలుబే" అంది. రిపోర్టు చేతిలో పెట్టింది. దాని ప్రకారం నా చెవులు పైలట్ చెవులే.

కోరుట్లకు తిరిగి వస్తుంటే మేడిపల్లి దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. దిగి వాళ్లతోపాటు విస్తరి ముందు కూర్చున్నాను. అక్కడినుంచే బాపుకు ఫోన్ చేసి, డాక్టరు పరీక్షలో పాసయ్యానని చెప్పాను. బాపు ఏడ్చినంత పని చేశాడు. ఆ తర్వాత మాటల్లో మాటగా అన్నాడు.

"మీ కాకకు ఇయ్యాల ఏమైందో ఏమో. పొద్దుగాల్నే సాంచ ముంగట కూసుండి దాని మీద రెండు వేళ్లతోని కొడుతుండు. కరెంటు లేదురా అంటె ఇనడు. ఇనచ్చేదుంటె గద. కండ్లు మూసుకొని కొట్టుడే కొట్టుడు."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎప్పటిదాకా కొట్టాడని అడిగాను. నేను గదిలోంచి బయటికొచ్చిన వేళకే ఆపి, లేచి పోయి పడుకున్నాడట. నేను ఫోన్ చేసేదాకా జగిత్యాల పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కాకకు అసలే తెలియదు.

ఆ రోజంతా కోరుట్లలో అత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఆలోచించాను. పైలట్ తలకు హెడ్‌ఫోన్లుంటాయి. కిందినుంచి కంట్రోల్ టవర్ వాళ్లు చెప్పేది విని, తిరిగి చెప్పి, అట్లాగే చెయ్యాలి. వెనక సీట్లలో జనం ఉంటారు. మైకు ముందు బాపు ఎక్కాలని పిలిచిన జనం. ఆ జనాన్ని కూర్చోబెట్టుకుని, ఏ చెయ్యో వచ్చి తడుతుందని ఎదురుచూస్తూ నడపాలా? తట్టకపోతే? నాది కాని చెవిని నాదని రాసిన కాగితం జేబులో పెట్టుకుని కూర్చుంటే, మొదటిరోజు ఏమీ వినపడకపోవడం కంటే ఇదే ఎక్కువ సిగ్గనిపించింది.

మర్నాడు మళ్లీ జగిత్యాల పోయాను. ఇంకోసారి పరీక్ష చెయ్యమన్నాను.

"పాసైన పరీక్ష మల్ల రాస్తనంటరా ఎవరన్న?" అంది మేడమ్. బతిమాలితే ఒప్పుకుంది.

గదిలో కూర్చున్న కాసేపటికే ఆ వేళ్లు మెడ పక్కన పడ్డాయి. నేను మీట నొక్కలేదు. మళ్లీ తట్టాయి, ఇంకొంచెం గట్టిగా. పోగు తెగినా చూడకుండా నేను దిక్కులు చూస్తుంటే కాక అట్లాగే గట్టిగా తట్టేవాడు. నాకు ఏడుపొచ్చింది. ఎడమ భుజం గట్టిగా విదిలించి, "వద్దు కాకా" అన్నాను.

ఆ తర్వాత ఎవరూ తట్టలేదు. నేనూ నొక్కలేదు. మేడమ్ తలుపు తీసి నావైపు వింతగా చూసి, రిపోర్టు మార్చి రాసిచ్చింది.

సిరిసిల్ల పోయి బాపుకు చెప్పాను. చెవులు బాగాలేవు, లైసెన్సు రాదు, డిగ్రీ మాత్రం పూర్తి చేస్తానన్నాను. ఆ చెయ్యి గురించి చెప్పలేదు. అప్పుడే కరెంటొచ్చి సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. బాపు కిందికి దిగి, ఒక్కొక్కటే స్విచ్చి బంద్ చేసుకుంటూ పోయాడు. పనివాళ్లు బిత్తరపోయి చూశారు. అంతా ఆగాక నా దగ్గరికి వచ్చాడు.

"నీ చెవులు నేనే తిన్ననా బిడ్డా?" అన్నాడు.

కాదని చెప్పాను. నమ్మలేదు. ఆయన నోటితో ఆ మాట అనిపించినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. ఫ్లెక్సీని బాపే విప్పుకొచ్చి, వాన జల్లు కొట్టే మూలనున్న సాంచ మీద కప్పాడు. డిగ్రీ పూర్తయింది, ఇప్పుడు జగిత్యాలలో పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను. వాళ్లు అడిగే ప్రతి ఎందుకుకూ నా దగ్గర జవాబుంటుంది, ఈ ఒక్కదానికి లేదు. ఆ గదిలోకి ఆ చెయ్యి ఎట్లా వచ్చిందో నాకు ఈరోజుకూ తెలియదు. ఊహ అందామంటే ఆ పాసైన రిపోర్టుంది. మహిమ అందామంటే నోరు రాదు.

బాపు సాంచాలు ఆపిన ఆ సాయంత్రం కాక వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నన్ను వేలితో చూపించాడు. రెండు వేళ్లతో గాలిలో తట్టాడు. తర్వాత తన ఎడమ భుజాన్ని, అచ్చం నేను ఆ గదిలో విదిలించినట్టే విదిలించాడు. అరచెయ్యి తెరిచి నా ముందు పెట్టాడు. మా కార్ఖానాలో ఆ సైగకు ఎందుకు అని అర్థం.

నేను భుజం విదిలించిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

రేడియో గురించి, వెనక సీట్లలో కూర్చునే జనం గురించి చెప్పడానికి మా చేతుల భాషలో సైగలు లేవు. ఉన్నా చెప్పేవాణ్ణో లేదో. తల దించుకున్నాను. కాక చాలాసేపు నా జవాబు కోసం చూసి, నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మళ్లీ తన ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన నన్ను తట్టి పిలవలేదు. నాతో పనుంటే ముందుకొచ్చి, నేను చూసేదాకా నిలబడేవాడు.