కారణం లేని బుధవారం

ఆ ఆసుపత్రిలో ఆయన్ని మూడు మాటల డాక్టరు అంటారు. ఆయన ఎదురుగా అనరు. అయినా ఆయనకు తెలుసు. ఒకసారి లిఫ్టులో ఇద్దరు నర్సులు ఆ పేరు చెప్పుకుని నవ్వుకుంటుంటే వెనక నిలబడి విన్నారు. దిగేటప్పుడు, "రెండైనా చాలు కదా," అన్నారు. తలుపులు మూసుకున్నాక నర్సులు వేళ్ళ మీద లెక్కపెట్టి చూస్తే అవీ మూడే.

పొట్ట ఆపరేషన్లు చేసే డాక్టరు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పొద్దున ఏడున్నరకు చేతులు వెనక్కి కట్టుకుని వార్డులోకి వస్తారు. కట్టు చూస్తారు, నాలుక చూస్తారు, పక్కన స్టూలు మీద పళ్ళెంలో ఎంత మిగిలిందో చూస్తారు. "తిన్నారు. నడిచారా? నడవండి." అంతే, తరువాతి మంచం. రోగులు మొదటి రోజు బెదురుతారు, రెండో రోజు అలవాటు పడతారు, మూడో రోజుకి వాళ్ళూ అలాగే మాట్లాడతారు.

ఆయన భార్య బడిలో భాష చెప్పే టీచరు. "మాటకింత అని మీ జీతంలో కోస్తారా ఏమిటండీ?" అంటుంది. ఆయన నవ్వుతారు. నవ్వుకి కోత లేదు కాబట్టి కాస్త ఎక్కువసేపే నవ్వుతారు.

ప్రభుత్వ బీమా రాకముందు రోజులు ఆయనకు గుర్తే. ఆపరేషన్ చెయ్యాలనగానే రోగి మొదట అడిగేది నొప్పి గురించి కాదు. ఎంతవుతుంది అని. చెప్పగానే లేచి, బట్టలు సర్దుకుని, "ఇంట్లో అనుకుని వస్తామండి," అనేవారు. ఆ అనుకోవడం ఏళ్ళ తరబడి తెమిలేది కాదు. తెమిలి వచ్చేసరికి కళ్ళు పచ్చబడి ఉండేవి. ఇప్పుడు కార్డు పట్టుకుని ముందుగానే వస్తున్నారు. అందుకని బీమాను ఎవరైనా తిడితే ఆయన ఊఁ కొట్టరు. పొగిడినా కొట్టరు. ఒకసారి పత్రికవాళ్ళు వచ్చి బీమా మీద అభిప్రాయం అడిగితే, "మంచిదే. ఆలస్యం. కాగితాలు," అన్నారు. వాళ్ళు ఇంకా ఏదో వస్తుందని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

ఆ కాగితాలు ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి. కంప్యూటరు ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే గదిలో ఉంది. అక్కడ కూర్చునే గుమాస్తాను అందరూ పాస్‌వర్డ్ అంటారు. కంప్యూటరు పాస్‌వర్డ్ అతనొక్కడికే తెలుసు. అతను సెలవు పెడితే ఆసుపత్రి బీమా అంతా ఆ రోజు దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

ఆపరేషన్‌కు అనుమతి అడిగే ఫారంలో 'వివరణ' అని ఒక గడి ఉంది. అందులో కనీసం రెండు వందల అక్షరాలు పడితే తప్ప ఫారం కదలదు. డాక్టరుగారు మూడు మాటలు కొట్టి, చుక్క మీట మీద వేలుంచి, కిటికీలోంచి బయటకు చూస్తారు. తెర మీద చుక్కలు చీమల బారులా సాగుతాయి. గడి నిండిందని కంప్యూటరు గంట కొట్టగానే వేలు తీస్తారు.

"సార్, ఆ చుక్కల బదులు ఏదో ఒకటి రాయండి సార్. ఎలాగూ వాళ్ళు చదవరు," అని పాస్‌వర్డ్ ఎన్నోసార్లు బతిమాలాడు.

"చదవనివాళ్ళకి చుక్కలు చాలు," అన్నారు డాక్టరుగారు.

ఒక మంగళవారం ఒక ఇస్త్రీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. కుడిచెయ్యి ఎడమచేతికన్నా బలంగా ఉంది. వెంట కూతురు. సీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఆదివారం వరకు సెలవు పెట్టుకుని వచ్చింది.

"ఏమిటి బాధ?"

"నొప్పండి బాబూ. ఇదిగో ఈ డొక్కలో. ఊరికే వస్తుంది."

ఆయన 'మాటిమాటికీ' అని రాసుకున్నారు. స్కాన్ తీయించారు. ఫిల్ము వెలుగుకి ఎత్తిపట్టి చూశారు. "రాళ్ళున్నాయి. తీయాలి. గురువారం."

కార్డు మీద చేసే ఆపరేషన్లకు ఆయనకు థియేటరు ఇచ్చేది గురువారం ఒక్కరోజే. ఈ గురువారం తప్పితే మళ్ళీ వారం. మళ్ళీ వారానికి కూతురి సెలవు ఉండదు. కూతురు లేకపోతే ఆవిడ ఉండదు. ఆ మాట ఆవిడే చెప్పింది. "అది పక్కనుంటేనే బాబూ. లేకపోతే ఇంటికెళ్ళి ఇంకో ఏడాది చూస్తా." ఇంకో ఏడాది అంటే ఏమిటో డాక్టరుగారికి తెలుసు. ఆ రాయి పిత్తం గొట్టంలో అడ్డుపడిన రోజున పచ్చబడిన కళ్ళతో, చలిజ్వరంతో స్ట్రెచర్ మీద వస్తుంది. ఆయన అదే రోజు వార్డులో చేర్చుకున్నారు.

వార్డులో పెద్ద సిస్టరు మంచం చూపించి ఓ సలహా ఇచ్చింది. "పెద్దమ్మా, రేపు బీమావాళ్ళు ఫోన్ చేస్తారు. ఇక్కడ డబ్బులేమైనా తీసుకున్నారా అని అడుగుతారు. ఊరికే అని చెప్పు. మరిచిపోకు."

"ఎందుకు మరిచిపోతానమ్మా. ఊరికే. అంతేగా?"

బుధవారం పదకొండింటికి ఫోన్ వచ్చింది. పన్నెండింటికి పాస్‌వర్డ్ థియేటరు బయటికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో కాగితం. "సార్, అనుమతి ఆగిపోయింది."

డాక్టరుగారు మాస్కు గడ్డం కిందికి దించి చదివారు. 'మీరు ఆసుపత్రిలో ఎందుకు ఉన్నారు అన్న ప్రశ్నకు: ఊరికే ఉన్నాను. డబ్బు తీసుకున్నారా అన్న ప్రశ్నకు: చెప్పాను కదా, ఊరికేనని. బాధ ఏమిటి అన్న ప్రశ్నకు: నొప్పి ఊరికే వస్తుంది. కావున రోగి ఏ కారణమూ లేకుండా ఆసుపత్రిలో ఉన్నట్లు, నొప్పికి కూడా కారణం లేనట్లు తేలినది. సాయంత్రం ఐదు లోపల వివరణ ఇవ్వాలి.'

ఆయన వార్డుకు వెళ్ళేసరికి మంచం దగ్గర అప్పటికే పంచాయితీ నడుస్తోంది.

"నోరు తెరిస్తే ఊరికే! ఇంకో మాట రాదా అమ్మా నీకు?" అంటోంది కూతురు.

"సిస్టరమ్మ చెప్పమంటేనే చెప్పా."

"నేను చెప్పమన్నది డబ్బు సంగతి అడిగినప్పుడు పెద్దమ్మా! మూడింటికీ అదే చెబుతావా?"

"వాళ్ళు ఏది ముందడుగుతారో నాకేం తెలుసు తల్లీ. మరిచిపోతానేమోనని ముందే చెప్పేశా."

డాక్టరుగారు వరండాలోకి వెళ్ళి భార్యకు ఫోన్ చేశారు. అప్పుడే బడిలో భోజనాల గంట కొట్టారు.

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?" ఆవిడ గొంతు కంగారుగా ఉంది.

"బాగానే ఉన్నాను. నీతో ఓ మాట... ఊరికే అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయి?"

"మీరే మాట్లాడుతున్నారా?"

"నేనే. చెప్పు."

"ఉచితంగా అని ఒకటి. కారణం లేకుండా అని ఒకటి. పని లేకుండా, ఊరికే కూర్చున్నాడు అంటాం చూడండి, అదొకటి. మాటిమాటికీ అని ఇంకోటి. ఆగండి, ఇంకా ఉంది. ఏదో అనేసి, అవతలి మనిషి మొహం మారగానే 'ఊరికే అన్నాలెండి' అంటాం. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి. అది మీకు తెలియదు. మీరసలు అంటేగా, వెనక్కి తీసుకోవడానికి!"

ఆయన మందులు రాసే చీటీ మీద అన్నీ రాసుకున్నారు. తరువాత దుప్పట్ల గదిలో కూర్చుని, రెండు వేళ్ళతో, ఆ గడిలో కొట్టడం మొదలుపెట్టారు. పాస్‌వర్డ్ గోడకానుకుని ఊపిరి బిగబట్టి చూశాడు.

'ఊరికే అంటే ఉచితంగా అని ఒక అర్థం. రోగి మొదటి రెండు జవాబులకూ అర్థం అదే. మాటిమాటికీ అని ఇంకో అర్థం. మూడో జవాబులో ఉన్నది అది. కారణం లేకుండా అనే అర్థమూ ఉంది కాని ఈవిడ దాన్ని వాడలేదు. రాళ్ళు ఉన్నాయి. స్కాన్ జతచేశాను. రాళ్ళు ఊరికే ఉండవు. రేపు తీయకపోతే ఈవిడ ఇంటికి వెళ్ళిపోతుంది. దయచే'

అక్కడ గడి ఆగిపోయింది. దానికి పై హద్దు కూడా ఉందని ఇన్నేళ్ళలో ఆయనకు తెలిసే అవకాశమే రాలేదు.

"పంపించెయ్యండి సార్. మిగతాది వాళ్ళు అర్థం చేసుకుంటారు," అన్నాడు పాస్‌వర్డ్. పంపించారు.

మూడింటికి బీమా ఆఫీసు నుంచి డాక్టరుగారికే ఫోన్ వచ్చింది. అనుమతులు చూసే డాక్టరు. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో ఆయన పేరు అభ్యంతరాల డాక్టరు.

"నమస్కారమండి. ఈ వివరణ మీరు రాసిందేనా?"

"నేనే రాశాను."

"ఏమీ అనుకోకండి. కిందటేడాది మీవి రెండు వందల పధ్నాలుగు చూశాను. మూడు మాటలు, మిగతావన్నీ చుక్కలు. ఇదేమో నిండుగా ఉంది, ఒక్క చుక్క కూడా ఎక్కువ లేదు. మీ పాస్‌వర్డ్ ఇంకెవరి చేతిలోనైనా పడిందేమోనని అనుమానం వచ్చింది."

"పాస్‌వర్డ్ పక్కనే ఉన్నాడు," అన్నారు డాక్టరుగారు. గోడ దగ్గర గుమాస్తా చేతులు కట్టుకున్నాడు. డాక్టరుగారు మళ్ళీ అడిగారు. "అయితే మీరు చదువుతారా?"

"అందుకేగా జీతమిచ్చేది. చుక్కలు కూడా చదివానండి. నేనూ పదేళ్ళు పొట్టలు కోసినవాణ్ణే. ఊరికే అంటే నాకు తెలియదా? కాని రోగి ఫోన్లో చెప్పింది రికార్డయిపోయింది. దాన్ని మీరు మార్చలేరు, నేనూ మార్చలేను. రోగే మార్చాలి. నాలుగింటికి మళ్ళీ ఫోన్ చేయిస్తాను."

నాలుగింటికి మంచం చుట్టూ అంతా చేరారు. కూతురు ఫోన్ పట్టుకుంది. పెద్ద సిస్టరు మొదటి తప్పు తనదే కాబట్టి తల దగ్గర నిలబడింది. డాక్టరుగారు వంగి చెప్పారు. "ఆ మాట అనొద్దు."

"ఏ మాట బాబూ? ఊరి..."

"అమ్మా!" అంది కూతురు. ఫోన్ మోగింది. స్పీకరు పెట్టారు.

"నమస్తే అమ్మా. పొద్దున మాట్లాడిన అమ్మాయినే. మీరు ఆసుపత్రిలో ఎందుకు చేరారు?"

"పిత్తంసంచిలో రాళ్ళమ్మా." ఆవిడ ఒక్కో మాటనూ మడతపెట్టి దొంతరలో పెడుతున్నట్టు పలికింది.

"డబ్బులు అడిగారా ఎవరైనా?"

"అడగలేదమ్మా. నేనివ్వలేదు. వాళ్ళు తీసుకోలేదు."

"నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"తిన్నాక వస్తుంది. పెట్టె ఎత్తితే వస్తుంది. బొగ్గులపెట్టె బరువమ్మా. వచ్చిందంటే బట్ట మీద పెట్టె వదిలేసి డొక్క పట్టుకుంటా. మొన్న అలాగే ఎవరిదో తెల్లచొక్కా మాడిపోయింది."

ఆ చొక్కా సంగతి ఎవరూ నేర్పలేదు. డాక్టరుగారికి కూడా అదే మొదటిసారి వినడం. పెద్ద సిస్టరు కళ్ళు మూసుకుని తల ఊపింది. కూతురు పెదాలు బిగబట్టింది.

"సరేనమ్మా. చివరిగా ఒకటి. మరి పొద్దున అలా ఎందుకు చెప్పారు?"

ఇది ఎవరూ అనుకోని ప్రశ్న. ఆవిడ కూతురి వైపు చూసింది, సిస్టరు వైపు చూసింది, డాక్టరు వైపు చూసింది. అందరి మొహాలూ ఒకలాగే ఉన్నాయి. మొహమాటంగా నవ్వి, ఫోన్‌కు చెప్పింది.

"ఊరికే అన్నానమ్మా."

పెద్ద సిస్టరు మంచం కమ్మీ పట్టుకుంది. డాక్టరుగారు జేబులోంచి చీటీ తీసి చూసుకున్నారు. చివరి వరసలో ఉంది, ఐదో అర్థం.

ఫోన్లో ఆ అమ్మాయి నవ్వింది. ఆపుకోబోయి ఇంకా నవ్వింది. "వెనక్కి తీసుకున్నట్టేనా అమ్మా మరి?"

"ఆఁ, తీసేసుకున్నా తల్లీ. రాసెయ్యి."

"నా దగ్గరుండేవి గళ్ళేనమ్మా. 'ఉచితం' అని ఒక గడి, 'కారణం లేదు' అని ఒక గడి. మీ మాటకు గడి లేదు. పొద్దున ఏది నొక్కాలో తెలీక రెండోది నొక్కా. ఇప్పుడు మార్చేస్తున్నాలెండి. రేపు బాగా జరగాలి."

నాలుగూ యాభై రెండుకి అనుమతి వచ్చింది. గురువారం పొద్దున డాక్టరుగారు రాళ్ళు తీసి చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఆవిడ దాన్ని చెవి దగ్గర ఆడించి చూసుకుంది. శనివారం నడిచింది. ఆదివారం కూతురు చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళింది. సోమవారం కూతురు సీసాల ఫ్యాక్టరీకి వెళ్ళింది.

వెళ్ళేముందు ఆవిడ డాక్టరుగారికి ఒక మాటిచ్చింది. ఆయన చొక్కాలు ఎన్ని తెచ్చినా ఇస్త్రీ చేసి పెడుతుందట. ఎలాగో చెప్పబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బీమా ఆఫీసు నుంచి ఆ ఆపరేషన్ తాలూకు డబ్బు రావడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చిన రోజు పాస్‌వర్డ్ కాగితం పట్టుకుని మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఒక రోజు కోసేశారు సార్. బుధవారం. చూడండి, 'రోగి కారణం లేకుండా ఆసుపత్రిలో ఉన్న రోజు' అట. అమ్మాయి గడి మార్చింది సాయంత్రం కదా. పొద్దుటిది అలాగే ఉండిపోయింది. అప్పీలు చేద్దాం సార్. వివరణ రాస్తే చాలు."

డాక్టరుగారు కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. బుధవారం మంచం, బుధవారం సెలైను, బుధవారం రెండు పూటల మందు. వేటికీ ఎవరూ డబ్బివ్వలేదు. ఆవిడా ఇవ్వలేదు, ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గీత చెదరకుండా వేలితో ఇస్త్రీ చేసినట్టు నొక్కి, పాస్‌వర్డ్ చేతికిచ్చారు.

"ఆవిడ అన్నది నిజమే."