ఇంగ్లండులో సింహాచలం కాపురం

పెళ్ళి సంబంధాలు చెడగొట్టడానికి కొందరు చాడీలు చెబుతారు, కొందరు జాతకాలు అడ్డం పెడతారు. నేను కుంచె పట్టుకున్నాను. నాకు ఏ అపకారమూ చేయని ఒక మనిషికి ఖాయమైన సంబంధాన్ని నాలుగు బొమ్మలతో ఊడగొట్టాను. నవ్వొస్తే మొహమాటపడకండి. సగందాకా నేనూ నవ్వుతాను.

అప్పట్లో నాకు కలకత్తా రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు, నన్నూ అందులోనే పెట్టించాలని చూశాడు. నేను కళాకారుణ్ణని అప్పటికే ఎవరో నాతో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు, బహుశా నేనే అనుకుని ఉంటాను. స్టూడియోకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రేవులో బరువులు మోసే శ్రీకాకుళం వైపు వాళ్ళు. ఇంటికి పంపుకోవడానికి వాళ్ళకో ఫొటో కావాలి, అంతే. వెనక నీలం గుడ్డ ఉంటే చాలు.

వాళ్ళకి చాలింది గాని నాకు చాలలేదు. పాత పుస్తకాలమ్మే చోట నాకో ఇంగ్లీషు క్యాలెండరు దొరికింది. అందులో ఇంగ్లండులోని ఒక వేడినీటి బుగ్గల ఊరు. కీళ్ళనొప్పుల దొరలంతా అక్కడికి పోయి ఆ నీళ్ళు తాగి, అందులోనే మునిగి, కులాసాగా తిరిగి వచ్చేవారట. తేనెరంగు రాతి మేడలు, వరసగా స్తంభాలు, మధ్యలో పార్కు. ఒకటే ఊరు, నాలుగు కాలాల్లో నాలుగు అందాలు. ఉక్కపోతా వానా తప్ప మరో కాలం సరిగ్గా ఎరగని నాకు మతిపోయింది. ఫొటోలకి వెనక తెరలుగా ఆ నాలుగు కాలాలూ గీద్దామని నాలుగు పెద్ద గుడ్డలు కొని పనిలో దిగాను.

పూలకాలం బాగానే కుదిరింది. ఎండాకాలంలో బెంచీ మీద గొడుగుతో ఒక దొరసానిని కూర్చోబెట్టాను. ఆకులు రాలే కాలానికి ఎరుపు చాలక, గోడల మీద ఎన్నికల రాతలు రాసేవాళ్ళ దగ్గర మిగిలిన డబ్బా తెచ్చుకున్నాను. దాంతో ఇంగ్లండు చెట్లన్నీ మూకుమ్మడిగా ఎర్రజెండా పార్టీలో చేరిపోయాయి. మంచు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, కాబట్టి సున్నం కొట్టాను. ఎదురు టీకొట్టు బెంగాలీ పెద్దాయన తొంగిచూసి, పండక్కి ఊరంతా వెల్లవేయిస్తున్నారా అని అడిగాడు. ఇందులోనూ ఆ దొరసానినే నిలబెట్టి, అంత చలిలో ఒంటరిగా ఉంటే బాగుండదని, క్యాలెండరులో ఉన్నట్టే ఆమె చేతికి పసిపిల్లల తోపుడుబండి ఇచ్చాను. వేడినీటి మంటపం మీంచి ఆవిరి కూడా లేపాను. అయితే ఫొటోలో నలుపు తెలుపుల మధ్య నా తప్పులన్నీ మాయమై, అచ్చం నిజమైన ఊరే వచ్చేది. కొంప ముంచింది అదే.

మొదటి బేరం సింహాచలం. రేవులో పని, నా ఈడువాడు, ఊరి మొహం చూసి ఏడాది దాటింది. మేనమామ కూతురు పార్వతిని అతనికి ఇస్తామన్నారు, కాని మామది ఒకటే షరతు. ఆయన తమ్ముడు ఎప్పుడో ఓడెక్కి ఏ దేశంలోనో దిగిపోయి, మళ్ళీ కబురన్నది లేదు. అందుకని రేవులో ఎంత పనైనా చేసుకో, ఓడ మాత్రం ఎక్కకు అన్నాడు. తను కలకత్తాలోనే కుదురుగా ఉన్నానని చూపించుకోవడానికి సింహాచలం ఫొటో తీయించుకోవాలని వచ్చాడు.

"నాకు ఉత్త గోడ సాలు దాదా," అన్నాడు.

నేను వింటేనా? స్టూడియో కోటు తొడిగి, దువ్వెన చేతికిచ్చి, నాలుగు కాలాల ముందూ నిలబెట్టాను. మూడు నా కానుక అన్నాను. ఊరెళుతున్న తోటి కూలీ ఒకడు ఆ ఫొటోలు పట్టుకెళ్ళి, సింహాచలం పంపాడని చెప్పి మామ చేతిలో పెట్టి, తన ఊరి బస్సు పట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి జవాబు లేదు. వాళ్ళకి రాత రాదు కదా అని సింహాచలం సరిపెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి సెలవు దొరికితే పార్వతికి చీర కొనుక్కుని వెళ్ళాడు. తిరిగి వచ్చాక నేను ఉత్సాహంగా పెళ్ళెప్పుడని అడిగాను.

"అయిపోనాది," అన్నాడు.

"నన్ను పిలవకుండానే?"

"నన్నూ పిలవనేదు దాదా."

కూర్చోబెట్టి టీ తెప్పించాను. అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. మామ ఆ ఫొటోలు పెద్దల ముందు పరిచాడట. ఒక్కటే అయితే ఎక్కడో సరదాగా తీయించుకున్నాడని ఊరుకునేవారేమో. కాని పూలు పూశాయి, ఎండ కాసింది, ఆకులు రాలాయి, మంచు కురిసింది. అంటే ఓడెక్కి వెళ్ళి ఏడాది పొడుగునా అక్కడే ఉన్నాడన్నమాట. ఎండాకాలంలో వెనక దొరసాని చేరింది. మంచు పడేసరికి ఆమె చేతికి తోపుడుబండి వచ్చింది. మామ వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. ఆ నెలలోనే పార్వతిని వేరే ఊరికి ఇచ్చేశారు.

సింహాచలం గుమ్మంలో కాలు పెట్టగానే మామ అడిగిన మొదటి మాట, "బిడ్డనెవులి కాడ ఒగ్గీసొచ్చినావు?" అది ఉత్త గుడ్డ మీది బొమ్మని ఇతను ఒట్టేశాడు. గుడ్డలోంచి ఆవిరెలా వస్తుందని ఆయన ఎదురడిగాడు.

ఇక్కడిదాకా నేను పెదవి బిగపట్టి నవ్వాపుకుంటున్నాను. కళాకారుణ్ణి కదా, లోపల్లోపల కాస్త పొంగిపోయాను కూడా.

"పార్వతి ఏమందట?" అని అడిగాను.

సింహాచలం టీ గ్లాసు కింద పెట్టాడు. "అత్త సెప్పినాది. ఆ మంచు పొటో సేత్తో అట్టుకుని, అంత సలిలో తలకి గుడ్డైనా కట్టుకోనేదు సూడు అన్నాదట. మరేటీ అననేదట."

ఆ తరవాత నాకు నవ్వు రాలేదు. ఆ గుడ్డలన్నీ నెత్తిన పెట్టుకుని వాళ్ళ ఊరొచ్చి, అందరికీ చూపిస్తానన్నాను. ఇప్పుడు చూపించి ఏం చేస్తావు, ఆమెను చేసుకున్నవాళ్ళు మంచివాళ్ళేనట అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, ఎండాకాలం గుడ్డ దించమన్నాడు. దొరసానిని కాసేపు చూసి, "ఒక్క మాటైనా ఆడనేదు ఈవిడ నాతో," అని వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

తరవాత అతనికి మరోచోట పెళ్ళయింది, పిల్లలు కలిగారు. వాళ్ళ ఫొటోలు మాత్రం వేరే స్టూడియోలో తీయించుకున్నాడు. నేను అటుగా వెళ్ళినప్పుడు పలకరించేవాడు, నేనే సరిగ్గా చూడలేకపోయేవాణ్ణి.

కాబట్టి ఈ కెమెరా మీద చెయ్యివేసి, సకల కళాదేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బ్రహ్మచారి వెనకా దొరసాని మాట అటుంచండి, ఆడ పిచ్చుకను కూడా గీయను.