నలభై కుండల నూతినీళ్ళు

నౌపడ ఉప్పుమళ్ళలో డ్రైవరు దాలయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. డ్రైవరంటే బస్సో లారీయో నడిపేవాడు కాదు సుమండీ, ఉప్పుటేటి నీళ్ళు మళ్ళలోకి తోడే ఆయిల్ ఇంజనుకి హ్యాండిలు తిప్పేవాడు. అంతకుముందు ఇరవయ్యేళ్ళు ఉప్పు గంపలు మోసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఇప్పుడు మళ్ళీ గంప ఎత్తమంటే లేవలేడు. కూడైనా, పరువైనా అతనికి ఆ హ్యాండిలే.

ఇంజను వేడెక్కకుండా దాని కడుపులో తిరిగేవి కూడా ఆ ఏటి ఉప్పునీళ్ళే. అందుకని మృగశిర కార్తెలో వానలు పట్టి ఉప్పు పని ఆగిపోయేలోగా, లోపలంతా మంచినీళ్ళతో కడిగి, చుక్క మిగలకుండా వంపేసి, నూనె పోసి, గోనెలు కప్పి పడుకోబెట్టాలి. కడగడంలో తేడా వస్తే ఆరు నెలల్లో ఉప్పు ఇనుముని తినేస్తుంది.

నిరుడు తినేసింది. పుష్యమాసంలో దాలయ్య హ్యాండిలు వేస్తే చక్రం కదలనని మొండికేసింది. విశాఖపట్నం నుంచి మేస్త్రీ వచ్చి, ఇంజను విప్పి, గుప్పెళ్ళతో తుప్పూ ఉప్పూ తీశాడు. ఇక చూడండి, ఆ మళ్ళ యజమాని షావుకారు జగన్నాధం కూలీలందరి ముందూ నిలదీశాడు.

"నూతికెల్లడానికి బద్దకం! ఏటినీల్లే పోసీసి నూతినీల్లని బొంకుతావేటిరా?"

దాలయ్య కర్పూరం వెలిగించి, ఆర్పి ప్రమాణం చేశాడు, నలభై కుండలూ నూతివేనని. షావుకారు నమ్మలేదు. "ఇంకో ఏడు ఇలాగయిందా, మరి హ్యాండిలు ముట్టుకోకు" అని బెదిరించి వదిలేశాడు. చెయ్యని తప్పుకి దొంగ అనిపించుకోవడం ఎంత చేదో పడ్డవాడికే తెలుస్తుంది. అప్పట్నించీ దాలయ్య నలుగురి మధ్యా తలెత్తలేదు.

అందుకే ఈసారి ఒళ్ళు దాచుకోలేదు. భార్య తవిటమ్మా, కోడలు నీలవేణీ నూతి నుంచి మోసుకొస్తుంటే నలభై కాదు, అరవై కుండలు తొట్టిలో పోయించి ఇంజను నడిపాడు. సముద్రం వైపు మబ్బు దిగుతోంది. సాయంత్రం షావుకారు చూడ్డానికి వస్తానన్నాడు. దాలయ్య ఇంజను ఆపి, తొట్టిలో మిగిలిన నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగి, "కొబ్బరినీల్లే!" అన్నాడు.

నీలవేణిది శ్రీముఖలింగం. వంశధార నీళ్ళు తాగి పెరిగిన పిల్ల, కాపరానికొచ్చి మూడు నెలలైంది.

"ఏటీ అనుకోకు మావా, ఈ నూతినీల్లు ఉప్పగున్నాయి" అంది బెదురుతూ.

"ఓసి నీ అసాద్దెం కూలా! పుట్టిన కాడ్నించి ఉప్పులో దొర్లినోడికి ఉప్పేదో నువ్వు సెప్తావా? తాతకి దగ్గులు నేర్పుతున్నావా?"

"కూరలో ఉప్పెయ్యడవే తెల్దు దీనికి" అని తవిటమ్మ మూతి తిప్పింది.

పిల్ల నోరు మూయిద్దామని దాలయ్య కాలుతున్న సైలెన్సరు మీద గరిటెడు నూతినీళ్ళు పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచిపోయింది. ఇనుము మీద తెల్లటి మచ్చ మిగిలింది. గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పు!

మూడేళ్ళుగా సరైన వానల్లేవు, నూతిలోకి ఉప్పు దిగింది. కొంచెం కొంచెంగా దిగింది కాబట్టి ఊళ్ళో ఒక్క నోరూ పసిగట్టలేదు. అవే తాగారు, అవే కాచుకున్నారు, తియ్యగున్నాయన్నారు. నిరుడు దాలయ్య బొంకలేదు, నిజమే. కానీ ఇంజనుకి ఆ ఉప్పు పట్టించింది మాత్రం అతని చేతులే.

"సంపీసేనే తవిటీ! నా సేతుల్తో నానే సంపీసేను!" అని తల బాదుకున్నాడు.

అంతలో వాన దిగింది. ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పడానికి కూలీలు పరుగెడుతుంటే, దాలయ్య ఇంజను పాకచూరు కింద ఇంట్లో ఉన్న కుండా తపేలా అన్నీ పరిచాడు. కురువు తల్లీ, కురువు అని మొక్కాడు. ఆ తల్లి వింటే కదా! పావుగంటలో వెలిసిపోయింది. తొమ్మిది కుండలు నిండాయి, అంతే.

ఒక్కో కుండా ఇంజనులోకి పైనుంచి పోశాడు. అడుగు బిరడా తిప్పి, కింద గొట్టంలోంచి కారిన నీళ్ళు కొబ్బరిచిప్పలో పట్టాడు. తను రుచి చూడలేదు. ఇందాక తిట్టిన కోడలి ముందుకే చిప్ప చాచాడు.

"సూడమ్మా."

"ఉప్పే మావా."

ఐదో కుండకీ అదే మాట. ఏడో కుండకీ అదే. తొమ్మిదోది పోశాక నీలవేణి చిప్ప దించి మామ మొహంలోకి చూసింది.

"నా మీద జాలి పడకమ్మా. నిజం సెప్పు."

"తగ్గింది మావా. కానీ ఇంకా ఉన్నాది."

గట్టు మీద గొడుగేసుకుని షావుకారు రానే వచ్చాడు. "ఏరా, అయిపోయిందా? మంచినీల్లేనా?"

అయిందంటే ఆర్నెల్లు గడుస్తాయి, ఆ పైన ఇంజను ముక్కాలిపీటకి కూడా పనికిరాదు. కాలేదంటే టెక్కలి నుంచి బండి మీద నీళ్ళు తెప్పించే స్తోమత షావుకారుకుంది, ఇంజను బతుకుతుంది. దాలయ్య పోతాడు. తవిటమ్మ వెనకనించి అతని పంచె లాగి, "అయిందని సెప్పీ, నీ కాల్లు మొక్కుతాను" అని గొణిగింది. దాలయ్య పంచె విడిపించుకున్నాడు.

"అవలేదు బాబూ. టెక్కలి నించి రెండు పీపాల నీల్లు తెప్పించండి. ఈ నూతివి పనికిరావు. నిరుడూ పనికిరాలేదు. నా నోటికి తెలీలేదు."

జగన్నాధం అతన్ని ఎగాదిగా చూశాడు. "నిరుడు కర్పూరం ఆర్పీవు కదరా! నోటికి ఉప్పు తెలీనోడికి ఇంజనెలా అప్పజెప్పీది?" అని చెయ్యి చాచాడు.

దాలయ్య హ్యాండిలు తన తువ్వాలుతో తుడిచి ఆ చేతిలో పెట్టాడు.

"కొత్తగా వచ్చీవోడికి సెప్పండి బాబూ," అన్నాడు. "అడుగు బిరడా మెల్లిగా తిప్పాల. మర అరిగిపోయున్నాది."