రాహుకాలంలో కదలని చెవెల్

ఉమాకాంత్ గారు భార్య మాటకైనా ఎదురు చెబుతారు గానీ రాహుకాలానికి మాత్రం చెప్పరు. వారానికి ఏడు రోజులు, రోజుకు గంటన్నర. ఆ గంటన్నరలో ఆయన సంతకం పెట్టరు, గడప దాటరు, కారు తాళం ముట్టుకోరు. అమెరికా తూర్పు కొసన క్యారీ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

ఇల్లు కొన్న సోమవారం ఉదయం, లాయరు ఆఫీసులో ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా పెన్ను గాల్లో పట్టుకుని కూర్చున్నారు. లాయరు ఆ లోపల రెండు కాఫీలు తాగాడు. ఒక శుక్రవారం పదకొండింటికి ఆఫీసులో ఫైర్ అలారం మోగితే అందరూ బయటికి పరుగెత్తారు, ఈయన గుమ్మం లోపలే నిలబడిపోయారు. ఫైర్ ఇంజన్ వాళ్లు రమ్మంటే "పన్నెండుకి వస్తాను" అన్నారట. ఇది విశ్వనాథ్ చెప్పిన ముచ్చట కాబట్టి సగం తగ్గించుకుని నమ్మితే మంచిది.

విశ్వనాథ్ ఆయనకంటే ఆరేళ్లు చిన్న. అమెరికా వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. అప్పటినుంచీ ఉమాకాంత్ గారు ఏ పని తలపెట్టినా దాని బరువు సగం విశ్వనాథ్ నెత్తిన పడుతూనే ఉంది. ఈసారి పడింది కారు.

పడమటి తీరాన రెడ్‌మండ్‌లో ఒక పెద్దాయన 1970 నాటి చెవెల్ కారు అమ్మకానికి పెట్టాడు. పండుమిరప రంగు, పొడుగాటి ముక్కు, స్టార్ట్ చేస్తే వీధి చివరి కుక్కలు కూడా లేచే ఇంజను. మజిల్ కారంటే అదీ. "ముందు ఆ మూలిగే ఫ్రిజ్ మార్చండి" అని భార్య లలిత గారు అంటూనే ఉన్నారు, ఈయన కొనేశారు. తీరా చూస్తే కారు దేశానికి ఆ కొసన, ఇల్లు ఈ కొసన.

రవాణా కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి, బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర మధ్య కారుని ట్రక్కు ఎక్కిస్తామంది.

"అది రాహుకాలం. రెండింటికి ఎక్కించండి."

"ఆ టైమ్‌లో మీకు వేరే అపాయింట్‌మెంట్ ఉందా సార్?"

"నాకు లేదు, రాహువుకి ఉంది."

అమ్మాయి రాహువు ఫోన్ నంబరు అడిగింది. ఈయన బుకింగ్ క్యాన్సిల్ చేసి నేరుగా విశ్వనాథ్ ఇంటికి వచ్చారు. "ట్రక్కు, ట్రైలర్ అద్దెకి తీసుకుందాం విశ్వం. ట్రైలర్ కట్టిన బండి నాకు చేతకాదు. నువ్వు డ్రైవ్ చెయ్యి, నేను టైమ్ చూస్తాను."

అప్పటికి నాలుగు నెలలుగా విశ్వనాథ్ రాత్రి రెండింటి దాకా ఇండియా టీమ్‌తో కాల్స్‌లో ఉంటున్నాడు. పొద్దున ఏడింటికి మళ్లీ ఇక్కడి మీటింగు. కళ్లకింద నల్లచారలు, మాటలో విసుగు. కాదనడానికి కూడా ఓపిక లేక సరే అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. శనివారం పదకొండింటికి కూతురు జాహ్నవి హైస్కూల్ గ్రాడ్యుయేషన్, దానికి అందుకోవాలి. ఆ పిల్ల వయొలిన్ కచేరీ ఒకటి, అవార్డు ఫంక్షన్ ఒకటి మీటింగుల్లో పడి పోగొట్టుకున్నాడు.

"షూర్‌గా వస్తావా నాన్నా?" అంది జాహ్నవి. "లాస్ట్ టైమ్ కూడా షూర్ అన్నావు." ఆ మాటతో తన గదిలోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని విశ్వనాథ్‌కి అనిపించింది.

విమానంలో వెళ్లి ఆదివారం పొద్దున్నే కారుని ట్రైలర్ ఎక్కించి బయల్దేరారు. సాయంత్రం నాలుగున్నరకి మొదటి రాహుకాలం. రెస్ట్ ఏరియాలో ట్రక్కు ఆపి, ఉమాకాంత్ గారు పులిహోర డబ్బా తీశారు. విశ్వనాథ్ విసుగుతో సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు, తెరిచేసరికి ఆరైంది.

సోమవారం మోంటానా. ఎంత నడిపినా కొండలు అక్కడే ఉన్నాయి. రెండు చోట్ల చక్రం రోడ్డు అంచుకెక్కి గరగరలాడింది.

"నిద్ర వస్తోందా విశ్వం?"

"నాకా? ట్రైలర్ ఊగుతోంది అన్నయ్యా. నేను ఒకప్పుడు ఏకబిగిన పద్దెనిమిది గంటలు డ్రైవ్ చేసినవాణ్ని."

ఆ ఒకప్పుడు గడిచి పద్దెనిమిదేళ్లయింది. ఉమాకాంత్ గారు వాచీ చూసుకున్నారు. పది నిమిషాలాగి, "ఆ ఎగ్జిట్ తీసుకో. వర్జ్యం వచ్చింది" అన్నారు.

అక్కడినుంచి మొదలైంది. పొద్దున యమగండం, మధ్యాహ్నం రాహుకాలం, సాయంత్రం దుర్ముహూర్తం. ఏదీ లేనప్పుడు, "మా ఊళ్లో ఇప్పుడు రాహుకాలం, మా అమ్మ ఆ టైమే చూసేది" అనేవారు. విశ్వనాథ్‌కి పంచాంగం రాదు, వాదించే శక్తి లేదు. ఆపడం, పళ్లు కొరుక్కోవడం, నిద్రపోవడం.

మంగళవారం మూడింటికి సౌత్ డకోటా ఎండలో ఆపించారు. గంట ముందుకు జరిగే టైమ్ జోన్ గీత కొద్ది దూరంలోనే ఉంది.

"అన్నయ్యా, అరగంట నడిపి గీత దాటితే నాలుగున్నర అవుతుంది. రాహుకాలం అయిపోయినట్టే."

"రాహువు చేతికి వాచీ కట్టుకోడు విశ్వం. పడుకో."

బుధవారం గడిచింది, గురువారం గడిచింది. శుక్రవారం రాత్రి విన్‌స్టన్-సేలం దగ్గర మోటెల్ చేరారు. శనివారం తొమ్మిదికి పది నిముషాలు ఉండగా బయల్దేరుతూ విశ్వనాథ్ లెక్క వేసుకున్నాడు. ఇంకా వంద మైళ్లు. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర అని ఈ వారంలో తనకే కాదు, ట్రక్కుకి కూడా కంఠతా వచ్చేసింది. ఇక్కడ ఆపితే గ్రాడ్యుయేషన్ అయిపోయినట్టే. అయినా వారం రోజుల అలవాటుకొద్దీ తొమ్మిది కొట్టగానే బ్లింకర్ వేశాడు.

"ఎందుకు ఆపుతున్నావు?" అన్నారు ఉమాకాంత్ గారు.

"రాహుకాలం కదా."

"తెలుసు. ఆపకు, పోనివ్వు."

ఆయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. గంటన్నర సేపు పెదవులు కదులుతూనే ఉన్నాయి. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. పదకొండుకి ఎనిమిది నిమిషాలుందనగా స్కూలు పార్కింగులో ఆరు కార్ల జాగా ఆక్రమించి ట్రక్కు ఆగింది. మాసిన చొక్కాతో పరుగెత్తుకొచ్చిన తండ్రిని గ్రాడ్యుయేషన్ గౌనులో ఉన్న జాహ్నవి దూరంనుంచే చూసింది. పక్కనున్న స్నేహితురాలికి చూపించి చెయ్యి ఊపింది. విశ్వనాథ్ ఆ రోజు ఒక్క కునుకు తియ్యలేదు.

తర్వాతి శనివారం విశ్వనాథ్ గుడికి వెళ్తే, ఉమాకాంత్ గారు కారులోంచి మినుముల ప్యాకెట్లు దించుతూ కనిపించారు. రాహువుకి మినుములు దానమిస్తే శాంతిస్తాడని ఆయన నమ్మకం.

"పోయిన శనివారానికా అన్నయ్యా?"

"అవును."

విశ్వనాథ్ లెక్కపెట్టాడు. పదకొండు ప్యాకెట్లు. "ఒక్కరోజుకి ఇన్నా?"

ఉమాకాంత్ గారు ప్యాకెట్లను వరసగా పేర్చారు. "శనివారానికి ఒకటే. మిగతా పది... దార్లో పదిసార్లు లేని వర్జ్యాలు, లేని గండాలు చెప్పి ఆపించాను. గ్రహాల పేరు చెప్పి అబద్ధమాడితే ఊరుకుంటారా?"

"ఎందుకు చెప్పారు?"

"మోంటానాలో రెండుసార్లు నీ కళ్లు మూతలు పడ్డాయి. పడుకోరా అంటే నువ్వు వినవు. ఆ పిల్ల నీకోసం అక్కడ కూర్చుని ఉంటుంది కదా."

విశ్వనాథ్‌కి నవ్వొచ్చింది. మొత్తం ప్రయాణంలో ఒక్కో అబద్ధానికి తను ఎంతసేపు గుర్రుపెట్టి నిద్రపోయాడో గుర్తొచ్చింది. వంగి ఐదు ప్యాకెట్లు చంకలో పెట్టుకున్నాడు.

"ఇవెందుకు నీకు?" అన్నారు ఉమాకాంత్ గారు.

"అబద్ధం మీదైనా నిద్ర నాదే కదా అన్నయ్యా. పాపంలో సగం నాకూ రావాలి. పదండి."