పోయిన గడ్డ తిరిగి రావాలని

మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచినప్పుడు కోడూరు దగ్గర మా ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు మాత్రలిచ్చారు. వారం తిరిగేసరికి గడ్డ కరిగిపోయింది, ఆకలి పెరిగింది. ఆకలి సంగతి ఎవరికీ పట్టలేదు గానీ గడ్డ పోయిన సంగతి ఊరంతా తెలిసింది. ఆదివారం చర్చిలో మా అత్తగారు లేచి సాక్ష్యం చెప్పారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా వరసగా వచ్చి నా మెడ నొక్కి చూసి "స్తోత్రం" అనుకుంటూ వెళ్ళారు. బండి మీద మామిడిపండుని కూడా ఎవరూ అంతలా నొక్కనివ్వరు.

మావారు మాత్రం బందరు ఆసుపత్రికి వెళ్ళాల్సిందేనన్నారు. అక్కడ డాక్టరమ్మ స్కాను చేసి, సూది గుచ్చడానికి ఏమీ మిగల్లేదని చెప్పి, నేను వాడిన మాత్రలు చూపించమన్నారు.

"ఇది స్టెరాయిడండీ. మీకున్నది లింఫోమా అనే క్యాన్సరయితే దీనికి కొన్నాళ్ళు అణిగి ఉండి మళ్ళీ లేస్తుంది. అప్పుడు సూదితో ముక్క తీసి ఏ రకమో తేల్చాలి. రకం తెలియకుండా మందెలా మొదలెట్టమంటారు?"

మాత్రలు ఎలా తగ్గించుకుంటూ మానాలో చెప్పి, గడ్డ కనపడగానే రమ్మన్నారు.

తిరుగు బస్సు చల్లపల్లి దాటాక, తోడొచ్చిన మా అత్తగారు నా చెవి దగ్గరికి వంగారు. "పోయిందని అందరి ముందూ చెప్పాను కదే అమ్మాయ్! ఇప్పుడు తిరిగిమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"నేనడుగుతాలెండి అత్తయ్యగారూ. గడ్డ నాదేగా."

అడిగాను. "ప్రభువా, నీ మేలులన్నిటికీ వందనాలు. ఆ గడ్డని ఒక్కసారి పంపించు. సూదికి అందేంత చాలు." అడుగుతుంటే నాకే నవ్వొచ్చింది. వస్తే క్యాన్సరేమోనని భయం, రాకపోతే లోపల ఏముందో తెలియదని ఇంకా భయం.

ఒక పొద్దున జడ వేసుకుంటుంటే వేలికి తగిలింది. నా కేక విని మా అత్తగారు చేపలు తోముతున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చి నా మెడ పట్టుకున్నారు.

"వచ్చిందే! దేవుడికి స్తోత్రం!"

చుట్టాలెవరొచ్చారోనని పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూశారు.

ఈసారి డాక్టరమ్మ మెడకి మత్తిచ్చి, స్కానులో చూసుకుంటూ లావుపాటి సూది దించారు. తీసిన ప్రతిసారీ స్టాప్లరు కొట్టినట్టు టక్కుమంది. సన్నటి ముక్కలు సీసాలో సేమ్యాలా తేలాయి. వాటికి కూడా మనసులో వందనాలు చెప్పుకున్నాను.

రిపోర్టు రోజున ముగ్గురం వెళ్ళాం. "లింఫోమాయేనండీ," అన్నారు డాక్టరమ్మ. "కానీ రకం తేలింది. మందుకి లొంగే రకం. వచ్చే వారమే మొదలెడదాం."

మావారు కళ్ళు తుడుచుకున్నారు. మా అత్తగారు మాత్రం బళ్ళో పిల్లలా చెయ్యెత్తారు.

"డాక్టరమ్మగారూ, ఇక పొమ్మని ప్రార్థన చెయ్యొచ్చాండీ?"

"ఇప్పుడు చేసుకోండమ్మా. ఎంతసేపైనా."

మా అత్తగారు అక్కడే, స్కాను మిషను పక్కనే, మోకాళ్ళూని గట్టిగా అందుకున్నారు. తలుపు బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఆమెన్ అన్నారు.